నా బిడ్డ ముక్కుకు నేను చదివి చేసిన వైద్యం

ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం నాకు ఏ డాక్టరూ నేర్పలేదు. గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నాను. అర లీటరు నీళ్లను మరగకాచి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, అందులో చిన్న చెంచాడు ఉప్పు, చిటికెడు వంటసోడా కలపాలి. తల ఒక పక్కకు వంచి, పైకి ఉన్న ముక్కు రంధ్రంలో సన్నగా పోస్తే నీళ్లు రెండో దానిలోంచి బయటికి వస్తాయి. అంతసేపూ నోటితోనే గాలి పీల్చాలి. నల్లా నీళ్లు నేరుగా పోయకూడదు, కాచి చల్లార్చినవే వాడాలి. ఉప్పు తక్కువైతే మండుతుంది, ఎక్కువైనా మండుతుంది. మొదట నా మీదే చేసి చూసుకున్నాను. ఆ రోజు పెరట్లో నా దగ్గు విని పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూశారు. మూడోసారికి చెయ్యి కుదిరింది. అప్పటి నుంచి మా వాడలో ఎవరికి ముక్కు బిగుసుకున్నా నా దగ్గరికే వస్తారు.

నేను పదో తరగతితో చదువు ఆపిన మనిషిని. ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో ఇరవై ఏళ్లకు పైగా ఫిట్టర్‌గా చేస్తున్నాను. పత్తి నుంచి గింజను, దూదిని వేరుచేసే మిషన్లకు రోలర్లు మార్చడం, బెల్టులు బిగించడం నా పని. దసరా దాటాక పత్తి బండ్లు రావడం మొదలైతే ఎండలు ముదిరేదాకా మిల్లు నడుస్తుంది. ఆ తర్వాత బంద్. బంద్ ఉన్న నెలల్లో పగలు మోటార్ల రిపేరు చేసుకుంటాను, సాయంత్రం గ్రంథాలయంలో ఫ్యాను కింద కూర్చుంటాను. మొదట్లో పేపరు చదవడానికే పోయేవాణ్ని. పేపరు అరగంటలో అయిపోతుంది కాబట్టి అలమారల వైపు నడిచాను. ఇప్పుడు ఆ అలమారల్లో ఏ పుస్తకం ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఒక లావు వైద్య పుస్తకం అర్థం కాక, పక్కన నిఘంటువు పెట్టుకుని వేసవి మొత్తం చదివాను. కనుబొమల పైనా, చెంపల ఎముకల లోపలా గాలి గదులు ఉంటాయనీ, వాటి దారులు చాలా సన్నగా ఉంటాయనీ, ఆ దారి వాచి మూసుకుంటే నుదురు పగిలేంత నొప్పి వస్తుందనీ అందులోనే తెలుసుకున్నాను. ఆ బొమ్మను నా నోటుబుక్కులో పెన్సిలుతో దించుకున్నాను. మిల్లులో భోజనాల దగ్గర ఆ బొమ్మ చూపించి అరగంట చెబితే, చదువుకున్న సూపర్‌వైజరు కూడా డబ్బా మూత పెట్టడం మరిచిపోయి విన్నాడు.

చదివినవన్నీ నమ్మేవాణ్ని కాదు. ఒకదానితో ఒకటి పోల్చి, మా పెద్దవాళ్లు చేసేవాటితో సరిచూసి, నిలబడ్డవే ఉంచుకున్నాను. వావిలాకు వేసి కాచిన నీళ్ల ఆవిరి నిలబడింది. వేయించిన వాము గుడ్డలో మూటకట్టి వాసన చూడటం కొద్దిసేపటికి పనిచేస్తుంది, జబ్బును మాన్పదు. తులసి, మిరియాలు, అల్లం కషాయం గొంతుకు మంచిది, ముక్కుకు అంతంతే. పసుపు కొమ్ము కాల్చి ఆ పొగ పీల్చడం నా భార్యకు పుట్టింటి నుంచి వచ్చిన వైద్యం. దాన్ని మా ఇంట్లో మాన్పించాను. వాచిన ముక్కులోకి పొగ పంపడం పుండు మీద గీరడం లాంటిదని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు గానీ ఆపింది. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తే మాత్రం ఇంటి వైద్యం కట్టిపెట్టి ఆస్పత్రికి పోవాలని నోటుబుక్కు మొదటి పేజీలోనే రాసుకున్నాను.

ఇంత తెలిసిన నా ఇంట్లోనే, రెండేళ్ల కింద, నా బిడ్డ ముక్కు బిగిసిపోయింది.

ఆమె మాకు ఒక్కతే. కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివి వచ్చింది. పోలీసు కానిస్టేబులు పరీక్ష రాసి మొదటి రాతపరీక్షలో పాసయింది. తర్వాతి మెట్టు పరుగు. ఎనిమిది వందల మీటర్లు ఐదు నిమిషాల ఇరవై సెకన్లలో ఉరకాలి. ఒక్క సెకను దాటినా ఇంటికే. ఆ పరుగు డిసెంబరులో అన్నారు. డిసెంబరులో మా ఆదిలాబాద్ చలి ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. మిల్లు కూడా అప్పుడే జోరు మీద ఉంటుంది.

దీపావళి దాటిన వారానికి మొదలైంది. పొద్దున ఐదింటికి లేవగానే వరుసగా పది పదిహేను తుమ్ములు. కళ్ల వెంట నీళ్లు. ముక్కు రెండు పక్కలా బంద్. స్టేడియానికి తీసుకుపోతే రెండో రౌండుకే నోరు తెరిచేది. నా చేతిలో ఫోను స్టాప్‌వాచీ ఐదు నిమిషాల నలభై దగ్గర ఆగేది, ఒక్కోసారి ఆరు దాటేది. ఒకరోజు మధ్యలోనే నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నోటితోని ఉరుకుతున్న బాపు. గొంతు ఎండిపోతుంది. కాళ్లల్ల దమ్మున్నది, గాలే అందుతలేదు."

డాక్టరుకు చూపించాం. అలర్జీ అన్నాడు. గోలీలు, ముక్కులో కొట్టుకునే మందు రాసి, దుమ్ముకు దూరంగా ఉంచమన్నాడు. గోలీలు వేసుకుంటే పిల్ల పొద్దెక్కేదాకా మత్తుగా ఉండేది. పరుగుకు పనికిరాదని తనే మానేసింది. ముక్కు మందు తెరిచిన దారి కూడా తెల్లారేసరికి మళ్లీ మూసుకునేది. వాడలో అందరూ చలి అన్నారు. కరీంనగర్ నుంచి వచ్చిన పిల్లకు మన చలి పడలేదన్నారు. నా భార్య కూడా అదే అంది. నేను నవ్వి నోటుబుక్కు తీశాను.

దుమ్ముకు దూరం అని డాక్టరు ఒక్క మాటలో చెప్పినదాన్ని నేను పది రకాలుగా అమలు చేశాను. మిల్లు నుంచి వచ్చి గడప దాటకముందే పెరట్లో అంగీ విప్పి, బకెట్లో ముంచి, స్నానం చేసి గానీ ఇంట్లో అడుగు పెట్టేవాణ్ని కాదు. ఇల్లు పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డ పెట్టించాను. కిటికీకి పాత చీర కట్టాను. పొద్దున ఉప్పునీళ్లు, సాయంత్రం వావిలాకు ఆవిరి, పడుకునే ముందు పసుపు పాలు. ఏ పూట ఎన్ని తుమ్ములో గీతలు పెట్టి రాశాను. సైనస్ ఉన్నవాళ్లు తల ఎత్తులో పెట్టుకుని పడుకోవాలని రెండు పుస్తకాల్లో ఉంది. ఆమె తలకింద ఒక దిండు మీద ఇంకో దిండు వేశాను. ఆవిరి పట్టేటప్పుడు పలుచని దుప్పటి అయితే వేడి పోతుందని ఒక్కోరోజు మందపాటి రజాయి కప్పాను.

ఆ దిండ్లు, రజాయి గురించి ఇక్కడ చెప్పాలి. మా మిల్లులో ఒక ఆనవాయితీ ఉంది. సీజను మొదలైన కొద్ది రోజులకు మిషన్ల కింద రాలిన దూదిని ఊడ్చి కుప్ప చేస్తారు. అది బేళ్లు కట్టడానికి పనికిరాదు. పాతవాళ్లందరికీ తలా ఒక మూట ఇస్తారు. మా వాడంతా మిల్లువాళ్లే కాబట్టి దీపావళి వచ్చేసరికి ప్రతి ఇంటి ముందూ దూది ఎండుతుంటుంది. పాత దిండ్లు విప్పి కొత్త దూది నింపుతారు. నా భార్య చేతి రజాయి అంటే వాడలో పేరు. కుట్టు వరసలు గీత గీసినట్టుంటాయి. ఆ ఏడు బిడ్డ హాస్టలు నుంచి వచ్చేసిందని ఎర్ర అంచు గుడ్డ తెప్పించి ఆమె కోసం కొత్త రజాయి, రెండు కొత్త దిండ్లు కుట్టింది. పది రోజులు పట్టింది.

నా వైద్యం పగటిపూట పనిచేసేది. సాయంత్రానికి ముక్కు తేటగా ఉండేది. తెల్లారేసరికి మళ్లీ మొదటికొచ్చేది. ఆవిరి పట్టిన వెంటనే ఒక్కోరోజు తుమ్ములు ఎక్కువయ్యేవి. లోపలి మురికి బయటికి పోతోందని నోటుబుక్కులో రాసుకున్నాను.

నా భార్య ఒకరోజు ఆ నోటుబుక్కు వైపు చూసి అడిగింది. "పుస్తకం రాసినోనికి మన పిల్ల ముక్కు ఎర్కనా?"

పరుగుకు ఇరవై రోజులున్నాయనగా శ్రీరాంపూర్ నుంచి మా అక్క ఫోను చేసింది. బావ అక్కడ బొగ్గు గనిలో పనిచేస్తాడు, కంపెనీ క్వార్టరులో ఉంటారు. కాలనీ గ్రౌండులో కానిస్టేబులు పరీక్ష రాసిన పిల్లలకు డబ్బులు తీసుకోకుండా పరుగు నేర్పిస్తున్నారనీ, పది రోజులు పంపమనీ అంది. నేను వద్దన్నాను. బొగ్గు లారీలు తిరిగే ఊరు, ఆరేసిన బట్టలు సాయంత్రానికి నల్లగా అయ్యే ఊరు. ఇక్కడి దుమ్ముకే ఓర్వలేని పిల్ల అక్కడ ఏమైపోతుంది? కానీ బిడ్డ పోతానని పట్టుబట్టింది. ఇక్కడ ఒంటరిగా ఉరికితే ముందుకు పోవడం లేదని, పక్కన ఎవరైనా ఉరికితే కాళ్లు సాగుతాయని అంది. చివరికి ఒప్పుకున్నాను. ఉప్పు, వంటసోడా పొట్లాలు, వాము మూట, ఎండబెట్టిన వావిలాకు సంచిలో పెట్టి, ఏది ఎప్పుడు చెయ్యాలో రెండు పేజీలు రాసిచ్చాను.

నాలుగో రోజు అక్కకు ఫోను చేసి ముక్కు సంగతి అడిగాను.

"తమ్మీ, నువ్వు రాసిచ్చిన కాయితం మడత గుడ ఇప్పలే," అంది అక్క. "పిల్ల మంచిగనే ఉన్నది. పొద్దుగాల లేస్తుంది, ఉరుకుతుంది, వచ్చి నాలుగు రొట్టెలు తింటుంది."

తుమ్ములు ఎన్ని అని అడిగాను.

"ఏం తుమ్ములు?"

నాకు నమ్మకం కలగలేదు. అక్క లెక్క పెట్టి ఉండదు అనుకున్నాను. ఆదివారం మొదటి బస్సుకు నోటుబుక్కు పట్టుకుని బయలుదేరాను. నేను పోయేసరికి బిడ్డ గ్రౌండు నుంచి వస్తోంది. ముఖం ఎర్రగా, నోరు మూసుకుని, ముక్కుతో గాలి పీలుస్తూ నడిచి వస్తోంది. ఐదు నిమిషాల లోపే ఉరికానని చెప్పింది. నాలుగు నిమిషాల యాభై రెండు సెకన్లు. నేను ఆమె ముఖాన్ని కాసేపు చూసి, ఉప్పునీళ్లు పోసుకుంటున్నావా అని అడిగాను. అవసరం పడలేదంది. ఆ మాట చెప్పడానికి ఆమె కొంచెం మొహమాటపడింది.

బావ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి చాయ్ తాగుతున్నాడు. "ఏం బామ్మర్ది, మా బొగ్గు పొడి జర సీసాల పోసుకొని పో. ఆదిలాబాద్‌ల దుకాణం పెట్టుకోవచ్చు."

అక్క నవ్వాపుకోలేక లోపలికి పోయింది. నేను నవ్వలేదు. నాకు కోపం కూడా రాలేదు. మిల్లులో మిషను మొరాయిస్తే ఏం చేస్తానో అదే చేయాలనిపించింది. నడిచే మిషను పక్కన ఆగిన మిషను పెట్టుకుని, రెంటికీ తేడా ఏమిటో ఒక్కొక్క భాగం చూసుకుంటూ పోతాను. అలాగే చూడడం మొదలుపెట్టాను. నీళ్లు చూశాను. తిండి అడిగాను, మా ఇంట్లో తినేవే. చలి ఇక్కడా ఉంది. దుమ్ము మా ఇంట్లో కంటే ఎక్కువే, కిటికీ చువ్వ మీద వేలు రాస్తే నల్లబడింది. బిడ్డ ఎక్కడ పడుకుంటోందో చూపించమన్నాను. మంచం మీద ఉన్ని కంబళి, తలకింద దుకాణంలో కొన్న స్పంజి దిండు. ఒక్కటే దిండు.

ఆ దిండును చేతిలోకి తీసుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను. అక్క వచ్చి, దిండు పాతదే, కొత్త గలీబు వేశానని సంజాయిషీ చెప్పింది.

తిరుగు బస్సులో నా నోటుబుక్కు మొదటి నుంచి చదివాను. ఇతరులు రాసిన పుస్తకాలను అంత శ్రద్ధగా చదివినవాణ్ని, నేను రాసినదాన్ని ఒక్కసారీ వరసగా చదవలేదు. తుమ్ములు పొద్దున ఐదింటికి ఎక్కువ, పదింటికి తక్కువ, సాయంత్రం ఆవిరికి ముందు లేవు. రెండు దిండ్లు వేసిన మర్నాడు తుమ్ములు ఇరవై దాటాయి. రజాయి కప్పి ఆవిరి పట్టిన రోజుల్లోనే ఆవిరి తర్వాత తుమ్ములు. హాస్టలుకు పోకముందు ఇంట్లో ఏటా చలికాలం జలుబులు, కరీంనగర్ హాస్టల్లో ఉన్న మూడేళ్లలో ఒక్క ఫిర్యాదూ లేదు. అక్కడ హాస్టలు పరుపే, హాస్టలు దిండే. అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. మిల్లు అంగీని గడప బయట విప్పిన నేను, అదే మిల్లు నేల మీది దూదిని మూటకట్టి తెచ్చి నా బిడ్డ ముఖం కింద పెట్టాను. పుస్తకంలో దుమ్ము అని చదివినప్పుడల్లా నేల వైపు, కిటికీ వైపు చూశాను. మా వాడలో దూదిని దుమ్ము అనుకునేవాళ్లు ఎవరూ లేరు. అది మాకు పండుగ కానుక.

ఇంటికి వచ్చాక నా భార్యకు చెప్పడం కష్టమైంది. పది రోజులు వేళ్లు పొడుచుకుంటూ కుట్టింది ఆమె. చెప్పే ముందు దిండు ఒకటి పెరట్లో ఎండలోకి తెచ్చి గట్టిగా తట్టాను. ఎండ పడిన చోట సన్నని పొడి లేచి గాలిలో నిలబడిపోయింది. ఆమె చేతిలో చాట పట్టుకుని చూస్తూ నిలబడింది. తర్వాత చాట కింద పెట్టి, కత్తెర తెచ్చి, తనే దిండు మూల కత్తిరించింది. దూది మధ్యలో పగిలిన గింజల పొట్టు, ఎండుటాకు పొడి, మట్టి. రెండు పిడికిళ్లు బయటికి తీసేసరికి ఆమెకే తుమ్ములు వచ్చాయి.

"నా చేతులతోనే కుట్టి పిల్ల ముక్కు మూసిన్నా?" అంది.

"మోసుకొచ్చింది నేనే గద," అన్నాను. "రెండు దిండ్లు ఎయ్యుమన్నది గుడ నేనే."

ఆమె నా వైపు చూసింది. "గది ఏ పుస్తకంల ఉన్నది?"

పుస్తకంలో తప్పు లేదనీ, దిండు ఏ దూదితో నింపాలో రాసినవాడికి మా మిల్లు సంగతి తెలియదనీ చెప్పాను. ఆమె ఎర్ర అంచు రజాయిని మడిచి, విప్పి, ఇంకోసారి మడిచింది. దాన్ని కత్తిరించడానికి మాత్రం చెయ్యి రాలేదు. మా పక్కింటావిడ అడిగితే ఇచ్చేద్దామా అంది. ఆ ఇంట్లో కూడా చిన్నపిల్ల ఉందని గుర్తుచేశాను. సాయంత్రం తనే కుట్లు విప్పి, దూది అంతా గోనెసంచిలో కుక్కి, గుడ్డలు వేడినీళ్లలో ఉడకబెట్టింది. మర్నాడు బజారులో రెండు స్పంజి దిండ్లు, ఒక కంబళి కొన్నాం. బిడ్డ గదిలో మంచం కింద, అలమార పైన, తలుపు వెనక తడిగుడ్డతో తుడిచాం.

బిడ్డ వచ్చింది. మొదటి తెల్లవారుజామున నేను ఆమె కంటే ముందే లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. మూడు తుమ్ములు. రెండో రోజు రెండు. వారం తిరిగేసరికి ఒకటీ అరా. ఉప్పునీళ్లు ఆపలేదు, సాయంత్రం ఆవిరి కూడా ఆపలేదు. ఈసారి ఉతికిన పాత చీర కప్పాం. ఇంతకుముందు పగలు తెరిచిన దారి రాత్రి మూసుకునేది. ఇప్పుడు తెరిచింది తెరిచినట్టే ఉంది. నా వైద్యం మీద నా నమ్మకం పోలేదు, ఇంకా గట్టిపడింది. ముందు కారణాన్ని తీసేసి తర్వాత మందు వెయ్యాలి అనే వాక్యం నేను ఎన్ని పుస్తకాల్లో చూశానో. ఇప్పుడు దాన్ని నా సొంత మాటగా చెప్పగలను. పక్కింటావిడకు చెప్పాను. మిల్లులో భోజనాల దగ్గర చెప్పాను. కొందరు నవ్వారు. సూపర్‌వైజరు మాత్రం వాళ్ల అబ్బాయి తుమ్ముల గురించి మెల్లగా అడిగాడు.

పరుగు రోజు తెల్లవారుజామునే పరేడ్ గ్రౌండుకు పోయాం. తల్లిదండ్రులను లోపలికి రానివ్వరు. గోడ బయట రోడ్డు పక్కన నిలబడాలి. మా చుట్టూ దూర ఊళ్ల నుంచి వచ్చిన అమ్మలు, బాపులు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే గేటు కూడా సరిగా కనబడలేదు. బిడ్డ లోపలికి పోయే ముందు ముక్కు రంధ్రాలు రెండూ ఒక్కొక్కటిగా మూసి, గాలి పీల్చి నాకు చూపించింది. నేను తల ఊపాను.

అక్కడి పద్ధతి పక్కనున్న ఒకాయన చెప్పాడు. వాళ్ల పెద్ద కూతురు ఇంతకుముందు వచ్చి తప్పిందట. పరుగులో టైము దాటినవాళ్లను వెంటనే గేటు బయటికి పంపేస్తారు. పాసైనవాళ్లకు లోపలే ఎత్తు కొలుస్తారు, తర్వాత లాంగ్ జంప్, షాట్‌పుట్ ఉంటాయి, వాళ్లు మధ్యాహ్నం దాకా రారు.

కాసేపటికి లోపల ఈల వినిపించింది. మైకులో నంబర్లు చదివారు. మా బిడ్డ గుంపు అదే. నేను ఫోనులో టైము చూడబోయి జేబులో పెట్టేసుకున్నాను. ఇంకో ఈల. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత గేటు తెరుచుకుని ఒక పిల్ల వచ్చింది, బూట్లు చేతిలో పట్టుకుని. ఆమె వెనక ఇద్దరు. గోడ దగ్గర కూర్చున్న ఒక తల్లి లేచి పోయి ఒకమ్మాయి తలను తన భుజానికి అదుముకుంది. ఇంకో నలుగురు వచ్చారు. ప్రతి ముఖాన్నీ చూశాను. మంచులో అందరూ ఒకే ఎత్తులో కనిపించారు. గేటు మూసుకుంది.

నా భార్య నా అంగీ చెయ్యి పట్టుకుంది. "మన పిల్ల ఇంక వస్తలేదేంది?"

"రాదు," అన్నాను. "మధ్యాహ్నం దాక రాదు."

పక్కనున్నాయన చెప్పింది ఆమె వినలేదు. నా ముఖం చూసి అర్థం చేసుకుంది. గోడకు ఆనుకుని కింద కూర్చుని, డబ్బాలో బిడ్డ కోసం తెచ్చిన రొట్టెల్లోంచి ఒకటి తీసి నాకిచ్చింది, ఒకటి తను తీసుకుంది.